ఆగస్టు పదిహేను, మిరపకాయల ధూపం

గొడుగు, తాళంచెవి, మైకు

ఉపదేశి శిక్షణలో మీకు బైబిలు చెబుతారు, జ్ఞానోపదేశం చెబుతారు, పాటకు శ్రుతి ఎలా పట్టాలో చెబుతారు. గొడుగు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నా ఉద్యోగంలో సగం గొడుగు పట్టడమే. పెళ్ళి ముందు గొడుగు, శవం వెనక గొడుగు, శంకుస్థాపన పక్కన గొడుగు. కింద ఫాదర్ గారుంటారు, పైన మా వైపు ఎండ ఉంటుంది, మధ్యలో చెయ్యి నాది. కొత్తగా చేరేవాళ్ళు ముందు భుజం నొప్పికి ఏదైనా తైలం చూసుకోండి, ఆ తర్వాత వేదాంతం చదువుకోవచ్చు.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక మాట. మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒక ఫాదర్ గారికి నాలుగైదు ఊళ్ళుంటాయి. ఆ ఊళ్ళన్నీ కలిపి ఒక విచారణ. ఫాదర్ గారు లేని పూట గుడి తలుపు తీసి గంట కొట్టేవాడు, ప్రార్థన చెప్పేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు, ఎవరికి ఒంట్లో బాగోలేదో ఫాదర్ గారి చెవిన వేసేవాడు ఉపదేశి. మా ఊరు దర్శికి పోయే రోడ్డు మీద ఉంది. ఎటు చూసినా పత్తి, మిరప. ఇక్కడే ఉద్యోగంలో చేరాను, ఇక్కడే దిగిపోయాను. నా పేరు ఇన్నయ్య. ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. నాతో పేచీ ఉన్నవాళ్ళు కూడా తిట్టే ముందు "ఉపదేశి గారూ" అనే మొదలుపెడతారు. మా ఆవిడ ఉపదేశమ్మ అయిపోయింది. ఆధార్ కార్డులో తనకు ఇంకో పేరుందని ఆవిడకే అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది.

మైకు గురించి ఒక్క ముక్క చెప్పి అసలు సంగతికి వస్తాను. ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి మెడలో ఉన్న మైకు ఆపెయ్యడం మర్చిపోయాం. ఆయన లోపలి గదిలోకి పోయి పూజ బట్టలు విప్పుతూ, "ఈ పాటలవాళ్ళకి దేవుడు గొంతు ఇవ్వలేదు సరే, సిగ్గయినా ఇవ్వకపోయాడు" అన్నారు. గుడి పైనున్న నాలుగు మైకుల్లోంచి ఆ వాక్యం పొలాల దాకా వెళ్ళింది. పాటలవాళ్ళు చాలాకాలం అలిగారు. వాళ్ళను బతిమాలుకొచ్చింది ఎవరనుకున్నారు? ఫాదర్ గార్లు అన్న మాటల్ని తుడిచే గుడ్డ ఉపదేశి. ఇది మీరు మనసులో పెట్టుకుంటే ఉద్యోగం సులువవుతుంది.

ఇద్దరు ఫాదర్లు

నేను చాలామంది ఫాదర్ల దగ్గర పనిచేశాను. మంచి చెడ్డా అన్నీ చెప్పను. ఇద్దరి గురించి చెబుతాను. ఆ ఇద్దరూ మంచివాళ్ళే, ఆ ఇద్దరితోనూ నాకు ప్రాణం మీదికొచ్చింది.

మొదటాయన్ని ఊరంతా పెద్ద ఫాదర్ గారనేవాళ్ళు. వయసులో కాదు, చుట్టుకొలతలో. ఆయనకి గడియారం ఉండేది గానీ దాన్ని ఎప్పుడూ చూసుకునేవారు కాదు. మరియతల్లి తేరు ఊరేగింపులో ప్రతి గుమ్మం దగ్గరా ఆగేవారు. ప్రతి గుమ్మంలోనూ మజ్జిగ తాగేవారు. పైగా, "ఏమ్మా, గేదె ఈనిందా? పిల్లోడికి సంబంధం కుదిరిందా?" అని మొత్తం సమాచారం సేకరించేవారు. పొద్దున్నే బయల్దేరిన తేరు జనం కడుపులు కరకరలాడే వేళకు గుడికి చేరేది. మా గుడి ఆవరణలోనే బడి ఉంది, రెంటికీ మధ్య జెండా స్తంభం ఉంది. మా తేరు పండగా ఆగస్టు పదిహేనే కదా, తేరు వచ్చాకే జెండా. బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు చేతిలో జెండా తాడు పట్టుకుని నిలబడి నిలబడి, "మిగతా దేశానికి స్వాతంత్ర్యం పొద్దున్నే వచ్చింది, మన ఊరికి మాత్రం పులిహోర చల్లారాక వస్తుంది" అనేవారు.

ఆయన బదిలీ అయ్యాక వచ్చింది ఫాదర్ జోజి గారు. సన్నగా, తెల్లగా ఉతికిన బట్టల్లో, ఇస్త్రీ పెట్టె లోంచి అప్పుడే దిగినట్టుండేవారు. వచ్చిన వారంలోనే గుడి తలుపుకి కార్యక్రమం కాగితం అంటించారు. ఏది ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో అందులో ఉంది. ప్రసంగం తర్వాత "దగ్గులు, సర్దుకొనుట" అని కూడా ఒక వరస రాశారు. ఒట్టు, నేను కల్పించడం లేదు. మా ట్రాక్టరు చిన్నపరెడ్డి అది చదివి, "అయితే ఉపదేశి గారూ, దగ్గొస్తే అందాకా పట్టుకోవాలాండీ?" అని నన్నడిగాడు.

ఒక ఫాదర్ గారి ముందు ఇంకో ఫాదర్ గారిని పొగడకండి. "పెద్ద ఫాదర్ గారున్నప్పుడు ఇలా చేసేవాళ్ళమండీ" అనే వాక్యం నోట్లోంచి వచ్చిందంటే ఆ నెలంతా మీకు గొడుగు బరువెక్కుతుంది.

రెండు పండగలు ఒక్కరోజే

ఆగస్టు పదిహేను దేశమంతటికీ జెండా పండగ. మాకు మరియమాత మోక్షారోపణ పండగ కూడా అదే రోజు. తల్లిని ఆత్మతో శరీరంతో దేవుడు మోక్షానికి తీసుకుపోయిన రోజు. మా చిన్నపరెడ్డి లెక్కలో జెండా పైకి పోతుంది, అమ్మా పైకి పోతుంది, కింద మిగిలేది మనమూ పులిహోరా.

పొద్దున్నే పూజ. పూజ అయ్యాక చీరాల నేత చీర కట్టిన అమ్మ స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, ట్రాక్టరు ట్రక్కు మీద కట్టిన తేరులో నిలబెడతాం. ముందు బ్యాండు మేళం, వెనక జపమాల చెప్పే ఆడవాళ్ళు. మేళం మా ఊరి మస్తాన్ వలీది. వాళ్ళ తాత కాలం నుంచి తేరు ముందు వాయించేది వాళ్ళ ఇంటివాళ్ళే. క్లారినెట్టు మీద మరియమ్మ పాట వాయిస్తే, అతను నమాజుకి పోయే మనిషని చెబితేగాని ఎవరూ నమ్మరు.

ఇంకొకటుంది, ఇది మా ఊరిదే. మిరప నారు పోసి మొక్కలు నాటే రోజులవి. రైతులు పాత పంటలోంచి దాచిన ఎండుమిరపకాయల్ని దండలు గుచ్చి తేరుకి నాలుగు వైపులా వేలాడదీస్తారు. కొత్త పంటకు తెగులు రాకుండా అమ్మ చూడాలని. పూలదండల పక్కన ఎర్రటి మిరపదండలతో తేరు చూడ్డానికి బాగానే ఉంటుంది. పండగయ్యాక ఆ కాయలు ఎవరింటికి వాళ్ళు తీసుకుపోయి పచ్చట్లో వేసుకుంటారు. అమ్మ పచ్చడని దానికి పేరు కూడా ఉంది.

ఫాదర్ జోజి గారు వచ్చిన మొదటి ఏడు. పండగకు ముందు నన్ను పిలిచి రెండు ఆజ్ఞలిచ్చారు.

"ఉపదేశి గారూ, ఈసారి మిరపదండలొద్దు. అది దేవాలయమా, మిర్చి యార్డా? పూలు చాలు."

"సరేనండీ."

"తేరు పెద్ద బజారు మీదుగా పోయి, అటునుంచి అటే తిరిగొస్తుంది. దిగువ వీధిలోకి పోదు. జెండా ఎగరెయ్యడానికి రిటైర్డ్ సుబేదారు గారు వస్తున్నారు. మిలిటరీ ఆయన. ఆయన్ని నిలబెట్టడం మర్యాద కాదు."

దిగువ వీధి అనగానే నాకు శౌరమ్మ మామ్మ కనిపించింది.

శౌరమ్మ మామ్మ తడిగుడ్డ

దిగువ వీధిలో చివరి ఇల్లు శౌరమ్మ మామ్మది. మామ్మ కాపురానికొచ్చిన ఏడు నుంచి, ఆగస్టు పండక్కి ముందు అమ్మ స్వరూపం మొహం తుడిచే పని ఆమెది. ఎవరిచ్చారో తెలీదు. ఎవరూ అడగలేదు కూడా. కొత్త గుడ్డ తడిపి, పసిబిడ్డకు తుడిచినట్టు నుదురు, బుగ్గలు, చెవుల వెనక తుడిచేది. చెవుల వెనక మట్టి అసలెందుకుంటుంది మామ్మా అంటే, "నీకు పిల్లల్ని పెంచడం తెలీదులే" అనేది. నాకు నలుగురు పిల్లలు.

ఆ ఏడు తపస్సు కాలంలో, ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో, మామ్మ దొడ్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అప్పట్నుంచి వసారాలో నవారు మంచం మీదే. ఫాదర్ గారు దివ్యసత్ప్రసాదం, మా నమ్మకంలో సాక్షాత్తూ ప్రభువే అయిన అప్పం, తీసుకెళ్తే వెంట నేనూ వెళ్ళేవాణ్ణి. పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఏరా ఇన్నయ్యా, పండక్కి అమ్మ ఇటొస్తుందిగా?"

నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే.

"వస్తుందిలే మామ్మా."

"లేలే అనబాక, గట్టిగా చెప్పు. నేనా గుడికి రాలేను. అమ్మన్నా ఇటు రావాలిగా. ఒక్కసారి మొహం తుడిచానంటే నా పని అయిపోయిద్ది. ఆ తర్వాత ఎప్పుడు తీసుకుపోయినా సరే."

పెద్ద ఫాదర్ గారి రోజులైతే ఇది అడగాల్సిన మాటే కాదు. ఆయన దిగువ వీధిలో మజ్జిగ చిక్కగా ఉంటుందని ముందు అక్కడికే పోయేవారు. ఫాదర్ జోజి గారికి నేను సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని అన్నారు గదా, "నేను ఆమెకు స్వయంగా ప్రభువునే తీసుకెళ్తున్నాను. ప్రభువుకన్నా స్వరూపం పెద్దదా, మీరే చెప్పండి ఉపదేశి గారూ."

ఏం చెబుతాను? మా క్రైస్తవ వేదశాస్త్రం ప్రకారం ఆయనదే రైటు. నా సర్వీసులో తప్పు మాట్లాడే ఫాదర్లతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, ఎలాగో ఒకలా సర్దుకొచ్చాను. రైటు మాట్లాడేవాళ్ళతోనే చచ్చేచావు.

"పోనీ, ఒక్క క్షణం అటు తిప్పి..."

"ఒక్క క్షణం అన్నది మీ ఊళ్ళో ఎంతసేపో నాకు తెలుసు" అన్నారు. అదీ నిజమే.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను. "మామ్మకేం చెబుతారు?" అంది. "చెప్పను" అన్నాను. "పిరికిపంద" అంది. ఆవిడ అలా అంటే నాకు కోపం రాదు, ఎందుకంటే సాధారణంగా సాక్ష్యాధారాలతోనే అంటుంది.

కుంపటి పక్కన గోనెసంచి

పండగ రోజు తెల్లారకముందే రైతులు మిరపదండలు పట్టుకుని వచ్చేశారు. నేను ముందే చెప్పాల్సింది. ఎప్పుడు చెప్పాలా అని చూస్తుండగానే పండగొచ్చేసింది. ఇప్పుడు తిరిగి పట్టుకుపొమ్మంటే అమ్మకిచ్చింది వెనక్కివ్వడమవుతుంది. తేరుకి కడితే ఫాదర్ గారు చూస్తారు. కాబట్టి దండలన్నీ గోనెసంచిలో కుక్కి, ట్రక్కు మీద స్వరూపం వెనక, తెల్లదుప్పటి కింద పెట్టాను. దండలు అమ్మ తేరు మీద ఉన్నట్టూ ఉంటుంది, ఫాదర్ గారికి కనపడనట్టూ ఉంటుంది. ఉపదేశి ఉద్యోగమంటే ఇలాంటి మధ్యేమార్గాలే.

ఆ దుప్పటి పక్కనే కుంపటి. తేరు మీద నిలబడి సాంబ్రాణి వెయ్యడం నా పని. గొలుసుల గిన్నెలో నిప్పులు ఆరిపోతుంటాయి కాబట్టి వెనక కుంపట్లో ఎర్రటి నిప్పులు నిలవ ఉంచుతాను. నిప్పులు ఒకపక్క, మిరపకాయలు ఒకపక్క. గుంటూరు వైపు పుట్టినవాడు ఎవడూ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడు. నేను పెట్టాను. నా బుర్రనిండా దిగువ వీధే ఉంది.

బయల్దేరే ముందు ఫాదర్ గారు కార్యక్రమం కాగితంతో ట్రాక్టరు దగ్గరికొచ్చారు. "చిన్నపరెడ్డీ, అటూ ఇటూ చూడొద్దు. నా వెనకే రా. నేను ఎటు పోతే అటే రావాలి. అర్థమైందా?"

"మీరు బావిలోకి పోతే బావిలోకే వస్తానండీ" అన్నాడు చిన్నపరెడ్డి. అతనికి వెటకారం ఒళ్ళంతా ఉంటుంది, మొహంలో మాత్రం కనపడదు.

ముందు మస్తాన్ మేళం, దాని వెనక ఫాదర్ గారు, ఆయన వెనక ట్రాక్టరు, ట్రక్కు మీద అమ్మ, అమ్మ వెనక నేను. ఊరేగింపు కార్యక్రమం కాగితం ప్రకారమే సాగుతోంది. ఫాదర్ గారు ఒకసారి గడియారం చూసుకుని నవ్వారు కూడా. ఆయన నవ్వడం నేనదే మొదటిసారి చూడ్డం.

గాలివాటం

పెద్ద బజారులో కుళాయి గొట్టాల కోసం తవ్వి, సగం పూడ్చిన గుంట ఒకటుంది. ఊళ్ళో బండ్లన్నీ దాన్ని తప్పించుకునే పోతాయి. ఫాదర్ గారు నడిచే మనిషి కాబట్టి నేరుగా దాటేశారు. ఆయన ఎటు పోతే అటు పొమ్మన్నారని చిన్నపరెడ్డి కూడా నేరుగా పోనిచ్చాడు. ట్రక్కు ఎగిరిపడింది. నేను అమ్మ నడుం పట్టుకున్నాను. గోనెసంచి పక్కకి ఒరిగి, మూతి విప్పుకుని, ఏకంగా కుంపట్లోకి వాలింది. నేనది చూడలేదు.

స్వరూపం వెనకనుంచి తెల్లటి పొగ లేచింది. చూడ్డానికి అద్భుతంగా ఉంది. అమ్మ నిజంగానే మేఘాల మీద పైకి పోతున్నట్టుంది. వెనక ఆడవాళ్ళు చేతులు జోడించారు. "ఈ ఏడు సాంబ్రాణి బలే వేశారే ఉపదేశి గారు" అని ఎవరో అనడం కూడా వినిపించింది. నేను గర్వపడుతుండగా ఆ పొగ నా ముక్కుకి తగిలింది.

మిరపకాయలు నిప్పులో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! పడమటి గాలి వెనకనుంచి కొడుతోంది. పొగ తిన్నగా మాతోపాటే ముందుకి నడిచింది, బజారు గోడలకు తగిలి వెనక ఆడవాళ్ళ మీదికీ తిరిగింది. అప్పుడే మస్తాన్ పాట అందుకోవడానికి గుండెలనిండా గాలి పీల్చాడు. క్లారినెట్టులోంచి మేకపిల్ల అరుపొకటి వచ్చింది. డోలు అతను దగ్గుతూ కొడుతున్నాడు, కొడుతూ దగ్గుతున్నాడు. జపమాలలో "పరలోకమందున్న" అన్నవాళ్ళు "మా" దగ్గరే ఆగిపోయారు. ప్రసంగం తర్వాత పెట్టిన దగ్గులన్నీ ముందే అయిపోయాయి.

వెనక్కి పోదామంటే జనం, ట్రాక్టరు. ముందుకి పోదామంటే పొగ వెంటపడుతోంది. మిగిలింది పక్కదారి. కుడివైపున్న పక్కదారి ఒకటే, అది దిగువ వీధి. మస్తాన్ ఊపిరి కోసం అందులోకి దూరాడు, అతని వెనక మేళమంతా దూరింది. ఫాదర్ గారు రెండు కళ్ళూ మూసుకుని, డోలు చప్పుడెటుంటే అటు నడిచారు. చిన్నపరెడ్డి మాట తప్పే మనిషి కాదు. ఫాదర్ గారు ఎటు పోతే అటే. స్టీరింగు కుడివైపుకి తిప్పాడు.

నేనప్పటికి సంగతి గ్రహించి కుంపటి ఆర్పడానికి నీళ్ళ కోసం చూశాను. ట్రక్కు మీదున్నది జనం మీద చల్లడానికి మంత్రించిన తీర్థం బిందె ఒక్కటే. ప్రభువా క్షమించు అని అదే కుమ్మరించాను. పొగ ఆవిరై రెండింతలయ్యింది. ఊళ్ళో ఎవరికీ అంత ఘాటైన ఆశీర్వాదం అంతకు ముందు దక్కి ఉండదు.

దుప్పటి అంచు కమురుతోంది. అమ్మ చీర అంటుకుంటుందని నా ప్రాణం పోయింది. "ఆపరా చిన్నపరెడ్డీ, ఆపు! అమ్మని దించండి!" అని అరిచాను. ట్రాక్టరు వీధి చివర ఆగింది. నలుగురు మగాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ స్వరూపాన్ని దించి, శుభ్రంగా కనిపించిన మొదటి చోట పెట్టారు. అది ఒక వసారా అరుగు. అరుగు పక్కన నవారు మంచం.

మంచం మీద శౌరమ్మ మామ్మ మోచేతుల మీద లేచి చూస్తోంది.

ఇటు పొగ పక్కకి కొట్టుకుపోతోంది కాబట్టి ఊపిరాడుతోంది. అయినా అందరి కళ్ళూ ధారలే. అమ్మ మొహమంతా మసి. మామ్మ మమ్మల్నెవర్నీ చూళ్ళేదు.

"నా తల్లే, ఏంటమ్మా ఈ మొహం? వీళ్ళేనా నిన్ను చూసేది?" అంది. దిండు పక్కనుంచి తడిగుడ్డ తీసింది. తడిగుడ్డే! కోడల్ని అడిగితే తర్వాత చెప్పింది, పొద్దుట్నుంచీ తడుపుకుని పక్కలో పెట్టుకునే ఉందట, ఆరిపోతే మళ్ళీ తడిపించుకుందట. నేను వస్తుందిలే అన్నానుగా. ఆ మాటకి నేను చచ్చినంత సిగ్గుపడ్డాను, అంతకన్నా ఎక్కువ సంతోషపడ్డాను.

మామ్మ నుదురు తుడిచింది, బుగ్గలు తుడిచింది, చెవుల వెనక తుడిచింది. తుడుస్తూనే దగ్గింది, దగ్గుతూనే నవ్వింది. "మిరపకాయలు కాల్చారా? ఎన్నాళ్ళకి ఊరికి దిష్టి తీశారయ్యా! ఇంత ఘాటొచ్చిందంటే మనూరికి ఏ దిష్టీ లేదన్నమాట" అంది. అంతకు ముందు ఆదివారమే నేను పిల్లలకు దిష్టి అనేది మూఢనమ్మకమని ఉపదేశం చెప్పాను. ఆ పిల్లలంతా అక్కడే నిలబడి నావంక చూశారు.

ఇంతలో ఫాదర్ గారు కళ్ళు మూసుకునే, చేతులు చాచి గోడ తడుముకుంటూ అరుగు దగ్గరికొచ్చారు. చేతిలో కార్యక్రమం కాగితం నలిగి ఉండైపోయింది.

"ఎవరు నాయనా?" అంది మామ్మ.

"నేను... ఫాదర్‌ని, మామ్మా."

"సాములోరివైతే ఏంటి, కళ్ళు మండవా? ఇటు వొంగు."

ఆయన వంగారు. అమ్మ మొహం తుడిచిన గుడ్డతోనే మామ్మ ఆయన మొహం తుడిచింది. నుదురు, బుగ్గలు. ఆ తర్వాత, మేమంతా చూస్తుండగా, చెవుల వెనక. ఆయన కదల్లేదు. మామ్మ ఆపేశాక కూడా కాసేపు అలాగే వంగి ఉన్నారు. గడియారం చూసుకోలేదు.

సుబేదారు గారి కన్నీళ్ళు

జెండా దగ్గరికి మేం చేరేసరికి సుబేదారు గారు నిటారుగా నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో సిస్టర్ గారి మొహం చూస్తే తెలుస్తోంది. ఫాదర్ గారు తలొంచుకుని క్షమాపణ చెప్పబోయారు. ఇంతలో సుబేదారు గారి చూపు మా మొహాల మీద పడింది. వందలాది మంది, ఆడా మగా, ఎర్రబడ్డ కళ్ళు, కారే ముక్కులు, వెక్కిళ్ళు.

జెండా విప్పారు. పూలరేకులు రాలాయి. జాతీయ గీతం మొదలైంది. మేం ఒక వరస పాడితే ఒక వరస ముక్కు ఎగబీల్చాం. మస్తాన్ అటెన్షన్లో నిలబడి బొటబొటా కన్నీళ్ళు కారుస్తున్నాడు.

సుబేదారు గారు ఉపన్యాసానికి మైకు ముందుకొచ్చారు. "సరిహద్దులో పనిచేశాను. ఎన్నో జెండా వందనాలు చూశాను. జెండాని చూసి ఊరు ఊరంతా ఏడవడం నేనెక్కడా చూళ్ళేదు" అన్నారు. అని ఆయనా ఏడ్చారు. ఆయనవి ఒక్కటే అసలు కన్నీళ్ళు.

ఫాదర్ గారు నా వైపు వంగి, "నిజం చెప్పాలంటారా, ఉపదేశి గారూ?" అని నెమ్మదిగా అడిగారు. తప్పుల్ని దాచని మనిషాయన.

"ముందు మైకు ఆపేసుందో లేదో చూసుకోండి ఫాదర్" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే కళ్ళనీళ్ళొచ్చాయి. సుబేదారు గారు వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇక ఏం చెబుతాం.

ఆ సాయంత్రం గోనెసంచి సంగతి నేనే ఫాదర్ గారికి చెప్పాను. చెప్పకపోయినా తెలిసేదే, గుడి ఆవరణంతా అమ్మ పచ్చడి వాసనొస్తోంది. ఆయన "కుంపటి ఈసారి ముందుపక్క పెట్టండి" అన్నారు అంతే.

మరుసటి ఏడు

ఫాదర్లు మారరని, మనమే సర్దుకోవాలని నేను మీకు చెప్పేవాణ్ణే. ఆ తర్వాతి పండగ చూడకపోతే.

ఆ ఏడు తలుపుకి అంటించిన కాగితంలో మొదటి వరస "దిగువ వీధి" అని ఉంది. దానికెదురుగా ఎంతసేపో రాయలేదు. మిరపదండలు మళ్ళీ తేరెక్కాయి, కాకపోతే నిప్పుకి అందనంత ఎత్తున, ఫాదర్ గారే నిచ్చెనెక్కి చూసుకున్నారు. సుబేదారు గారు పిలవకపోయినా వచ్చారు, కూడా ముగ్గురు మిత్రుల్ని తీసుకొచ్చారు. ఆ ఊరి దేశభక్తి మీరూ చూడాలని చెప్పారట. వాళ్ళని చూసి నాకు భయం వేసింది, ఈసారి ఎవరూ ఏడవరే అని.

తేరు దిగువ వీధి చివర ఆగింది. మామ్మ ఆ ఏడాదిలో బాగా చిక్కిపోయింది, చూపు కూడా మందగించింది. దిండ్లానించి కూర్చోబెట్టారు. చేతిలో తడిగుడ్డ ఉంది. స్వరూపాన్ని దించి అరుగు మీద పెట్టాం. మామ్మ తీరిగ్గా తుడిచింది. మస్తాన్ వాయించడం ఆపి, టోపీ సర్దుకుని, అలాగే నిలబడి చూస్తున్నాడు. ఆమె పని అయిపోయింది.

అప్పుడు ఫాదర్ జోజి గారు మంచం పక్కకొచ్చి, ఇస్త్రీ బట్టలతోనే నేలమీద మోకరించి, మొహం ముందుకి వంచారు.

మామ్మ చేత్తో తడిమి ఎవరో పోల్చుకుంది. గాలి వాసన చూసింది. "ఈ ఏడు ఘాటు లేదుగా నాయనా, నీకెందుకు?" అంది.

"పోయినేటిది ఇంకా పోలేదు మామ్మా" అన్నారాయన.